మధుమేహము – కంటిచూపు – మన ఉద్యోగము
(బస్తరులో పనిచేస్తున్న రైల్వే, తపాలా ఉద్యోగుల ఉమ్మడి సమావేశంలో జగదల్‌పూరులో చేసిన ప్రసంగ పాఠము)



వేతన సవరణ, బదిలీలు, డి.ఎ. బకాయీలు మన సమావేశాలలో ఎల్లప్పుడూ ఉండే విషయాలే. నేడు వాటిని కొంతసేపు పక్కన ఉంచి మధుమేహం వలన కంటికి వచ్చే జబ్బును గురించి మాట్లాడదలచాము. ఇది డాక్టర్లు చెప్పవలసిన విషయం కదా, సంఘానికి ఇందులో ఏమి పని అని కొందరు మిత్రులు అడిగారు. సంఘానికి పని ఉన్నది. ఈ జబ్బును మన ఉద్యోగులు డాక్టరు దగ్గర దాస్తున్నారు, భార్య దగ్గర దాస్తున్నారు, ఆఖరుకు తమ దగ్గర తామే దాచుకుంటున్నారు. దాచడానికి కారణం కంటిలో లేదు, ఉద్యోగంలో ఉన్నది. “కన్ను సరిగా లేదని తెలిస్తే ఫుట్‌ప్లేటు మీదనుండి దింపేస్తారు, దింపిన తరువాత మా సంసారం ఎట్లా?” అన్న ప్రశ్న అది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా పరీక్షలు చేయించుకోండని ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినరు.

ఈ ప్రాంతంలో మనమెట్లా వచ్చి చేరామో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడినుండి జపానుకు చేర్చడానికి 1960ల దశకంలో కొత్తవలస – కిరండూల్ లైను వేశారు. ఆనాడు విజయనగరం, శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలనుండి గ్యాంగులలోను, లోకోలోను, స్టేషన్లలోను పనికి వచ్చిన కుటుంబాలు జగదల్‌పూరు, గీదం, దంతెవాడ, బచేలి, కిరండూల్‌లలో నిలిచిపోయినవి. నేడు మూడవ తరం ఉద్యోగంలో ఉన్నది. తపాలా ఉద్యోగుల కథ ఇంకొక విధం. కొంట, భోపాల్‌పట్నం వైపు తెలుగు పుట్టుకతోనే మాట్లాడేవారు ఉన్నారు. అక్కడి ఉత్తరం సంచి అడవి దారిన సైకిలు మీదనో, కాలినడకనో పోయేది. ఒకనాటి బస్తరు జిల్లా కేరళ రాష్ట్రంకన్న పెద్దది. నేడు అది ఏడు జిల్లాలయింది గాని దూరాలు తగ్గలేదు. రెటీనా నిపుణుని చూడాలంటే రోడ్డు మీద 300 కిలోమీటర్ల దూరంలో రాయపూరు, లేదా రైలులో కొండలు దిగి విశాఖ. ఈ దూరం నేటి మన విషయంలో సగం.

మొదట జబ్బు ఎంత విస్తరించిందో చూద్దాము. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యాన జరిగిన సర్వే దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉన్నదని 2023లో లెక్క తేల్చింది. మరి 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారు. 2022లో వెలువడిన మరొక సర్వే నలభై ఏళ్ళు, ఆ పైబడిన మధుమేహులలో 12.5 శాతం మందికి రెటీనా దెబ్బతిన్నదని, 4 శాతం మందికి చూపు పోయే స్థాయికి చేరిందని చెప్పింది. అంటే మధుమేహం ఉన్నవారు ఎనిమిదిమంది ఒక బల్ల మీద కూర్చుంటే వారిలో ఒకరికి ఈ జబ్బు ఉండవచ్చును. ఇరవై ఐదుగురిలో ఒకరు ప్రమాదపు అంచున ఉన్నారు. ఈ హాలులో కూర్చున్నవారిని చూచి ఎవరికి వారు లెక్క వేసుకోండి.

కంటిలో జరిగేదేమిటి? కంటి వెనుక గోడకు లోపలివైపు రెటీనా అనే పలుచని పొర ఉన్నది. పాత కెమెరాలో ఫిల్ము చేసే పని అది చేస్తుంది. దానికి రక్తం తెచ్చే నాళాలు తలవెంట్రుక కన్న సన్ననివి. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే ఆ నాళాల గోడలు బలహీనపడి అక్కడక్కడ బుడిపెలుగా ఉబ్బుతాయి, చెమ్మగిల్లుతాయి, కారుతాయి. కారిన నీరు రెటీనా నడిమి భాగమైన మాక్యులాలో చేరితే అక్కడ వాపు వస్తుంది. మనిషి ముఖం గుర్తుపట్టేదీ, అక్షరం చదివేదీ ఆ నడిమి భాగమే. మరికొన్ని నాళాలు పూర్తిగా మూసుకొనిపోతాయి. రక్తం అందని రెటీనా తనకు కొత్త నాళాలు కావాలని ఒక రసాయనాన్ని విడుదల చేస్తుంది. లైను మూతపడినప్పుడు బలం లేని పక్కలైను మీదికి బరువు బండిని మళ్ళించినట్లు, ఆ కొత్త నాళాలు నాసిరకంగా పుట్టి ఒకనాడు చిట్లుతాయి. కంటినిండా రక్తం కమ్ముతుంది. లేదా అవి ముడుచుకొని రెటీనానే గోడనుండి ఊడలాగుతాయి.

ఇందులో మనమందరం గుర్తుంచుకొనవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఇంతా జరుగుతున్నప్పుడు చాలాకాలం నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, చూపు కూడా తగ్గదు. గోడ మీది అక్షరాల పలకను ఆరు మీటర్ల దూరంనుండి ఆఖరు వరుస వరకు చదివి “సిక్స్ బై సిక్స్” అనిపించుకొన్న మనిషి కంటిలో అదే రోజున కొత్త నాళాలు మొలుస్తూ ఉండవచ్చును. పలక మాక్యులా పనితనాన్ని మాత్రమే కొలుస్తుంది. మాక్యులాకు దూరంగా, రెటీనా అంచులవైపు ఏమి జరుగుతున్నదో పలకకు తెలియదు. మన రైల్వేలో ఏ-1, ఏ-2, ఏ-3 తరగతులవారికి నిర్ణీత కాలవ్యవధులలో వైద్యపరీక్ష ఉన్నది. అది బండిలోని ప్రయాణికుల భద్రత కోసం పెట్టిన పరీక్ష, అవసరమైన పరీక్ష. అయితే పలకలో పాసయితే మన కన్ను బాగున్నదని అనుకోవడం పొరపాటు. మధుమేహం ఉన్న ఉద్యోగి “నా కనుపాపను మందుతో విప్పి రెటీనా చూశారా?” అని అడగాలి. చూడకపోతే చూపించుకోవాలి. గుమాస్తాలకు, తపాలా సోదరులకు ఇంకా జాగ్రత్త కావాలి. వారిలో చాలామందికి ఉద్యోగంలో చేరిననాటి పరీక్ష తరువాత ఎవరూ కంటివైపు చూడరు.

సాధారణంగా పెద్ద వయసులో వచ్చే మధుమేహమైతే అది బయటపడిన రోజుననే మొదటి రెటీనా పరీక్ష జరగాలి; బయటపడేనాటికే అది మనలో ఏళ్ళ తరబడి ఉండి ఉండవచ్చును. చిన్న వయసులోనే ఇన్సులిన్ మీద ఆధారపడేవారికి అయిదేళ్ళలోపు. ఆ తరువాత ఇద్దరికీ ఏటా ఒకసారి, జబ్బు కనిపిస్తే డాక్టరు చెప్పినంత తరచుగా. మధుమేహం ఉన్న స్త్రీలు గర్భం ధరించినప్పుడు మొదటి నెలలలోనే చూపించుకోవాలి, ఆ సమయంలో ఈ జబ్బు వేగంగా పెరగగలదు. కనుపాప విప్పే మందు వేసిన తరువాత కొన్ని గంటలపాటు దగ్గరి అక్షరాలు మసకగా ఉంటాయి, ఎండ భరించలేము. కాబట్టి ఆ రోజు డ్యూటీ పనికిరాదు, మోటారు సైకిలు నడపరాదు, తోడు ఒకరిని తీసుకొని వెళ్ళాలి. ఈ ఒక్కరోజు సెలవు కోసం వెనుకాడి మూడేళ్ళు వాయిదా వేసినవారు మనలో ఉన్నారు.

ఇక భయం సంగతి. మా శాఖలోని ఒక మిత్రుడు ఖనిజం బండ్లు నడిపేవాడు. చక్కెర ఉన్నదని ఆరేళ్ళ క్రితమే తెలిసినది. బయటి దుకాణంలో మాత్రలు కొనుక్కొని మింగేవాడు గాని ఏ కాగితం మీదా తన పేరు పడనివ్వలేదు. పరీక్షకు ముందు పదిహేను రోజులు అన్నం తగ్గించి నడక పెంచి గట్టెక్కేవాడు. ఒకనాటి తెల్లవారుజామున రన్నింగు రూములో లేచేసరికి ఒక కంటి ముందు నల్లని దారాలు, మసి వంటిది కదలాడినవి. రక్తం చిట్లింది. రెండవ కంటిలోనూ కొత్త నాళాలు ఉన్నవని అప్పుడు తేలింది. ఆయన దాచినది ఉద్యోగం కోసం. ఆరేళ్ళకు ముందే ఏటా చూపించుకొని ఉంటే ఆ ఉద్యోగమే ఇంకా చాలాకాలం నిలిచేదని ఆయనే ఇప్పుడు అందరికీ చెబుతున్నాడు.

మనకు రక్షణ లేదా? ఉన్నది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం పొందినవానిని తీసివేయరాదు, హోదా తగ్గించరాదు అని 1995 నాటి వికలాంగుల చట్టం 47వ సెక్షను చెప్పింది. దాని స్థానంలో వచ్చిన 2016 నాటి చట్టం 20వ సెక్షను నాలుగవ ఉపసెక్షనులో అదే హక్కును నిలిపింది. చేస్తున్న పనికి తగనివాడైతే అదే వేతన స్కేలు, అవే సర్వీసు ప్రయోజనాలతో మరొక పోస్టులోకి మార్చాలి. అటువంటి పోస్టు ఖాళీ లేకపోతే ఖాళీ దొరికేదాకా, లేక పదవీ విరమణ వరకు, అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచాలి. ఈ హక్కు యజమాని దయ కాదని 2003లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో స్పష్టం చేసింది. 2025 ఆగస్టులో తెలంగాణ ఆర్.టి.సి. డ్రైవరు ఒకరి కేసులో వచ్చిన తీర్పు మనవంటివారు ప్రత్యేకంగా చదవదగినది. రంగులు పోల్చలేడని ఉద్యోగంనుండి తొలగించిన ఆ డ్రైవరుకు వేరే పని ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. అందుకు ముఖ్యమైన ఆధారాలలో ఒకటి 1979లో కార్మిక సంఘాలు సంస్థతో చేసుకొన్న ఒప్పందంలోని ఒక నిబంధన. నలభై ఐదేళ్ళనాడు ఎవరో బల్ల దగ్గర కూర్చొని పట్టుబట్టి వ్రాయించిన వాక్యం అది.

నష్టమేమీ ఉండదని మేము చెప్పడం లేదు. రన్నింగు ఉద్యోగి స్థిరమైన పోస్టుకు మారితే జీతం నిర్ణయించేటప్పుడు మూలవేతనానికి 30 శాతం కలుపుతారు. అయినప్పటికీ కిలోమీటరు అలవెన్సుతో నడిచిన సంసారానికి చేతికి వచ్చే మొత్తం తగ్గుతుంది. దానిని బట్టి అప్పులు చేసినవానికి అది చిన్న దెబ్బ కాదు. కాని ఆ దెబ్బకు చట్టం ఒక హద్దు పెట్టింది. ఇక్కడ ఒక హెచ్చరిక: చూపు తగ్గుతున్నదని భయపడి, ఎవరో చెప్పారని, తొందరపడి స్వచ్ఛంద విరమణ కాగితం మీద సంతకం చేయవద్దు. తనంతట తాను విరమించుకొన్నవానికి ఈ సెక్షను అండగా నిలవదు. మెడికల్ బోర్డు నిర్ణయం చేతికి వచ్చేదాకా ఆగండి, ఆ కాగితంతో సంఘం దగ్గరకు రండి. మరొకవైపు మాట కూడా చెప్పాలి. చూపు నిజంగా దెబ్బతిన్నవాడు ఇంజను నడపరాదు, సిగ్నలు పట్టరాదు. దీనిలో సంఘం ఎవరినీ వెనుకేసుకొని రాదు. రాత్రి బండిలో నిద్రపోతున్న వెయ్యిమందిలో మన పిల్లలూ ఉంటారు.

జబ్బు ముందుకు పోకుండా నిలపడానికి మన చేతిలో ఉన్నదేమిటో ఇక చూద్దాము. 1993లో అమెరికాలో ముగిసిన ఒక పెద్ద అధ్యయనం, ఇన్సులిన్ మీద ఉన్నవారు చక్కెరను గట్టిగా అదుపులో ఉంచితే రెటీనా జబ్బు కొత్తగా రావడం 76 శాతం, వచ్చినది పెరగడం 54 శాతం తగ్గినవని చూపింది. 1998లో బ్రిటనులో వెలువడిన అధ్యయనం పెద్ద వయసు మధుమేహులమీద చేసినది. దానిలో రక్తపోటును అదుపు చేసినవారికి రెటీనా జబ్బు ముదరడం సుమారు మూడవ వంతు తగ్గింది. ఈ రెండవదానిని మనవారు పట్టించుకోరు. చక్కెర మాత్ర మింగుతారు, బి.పి. మాత్రను మాత్రం తల తిరిగినప్పుడే వేసుకొంటారు. మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష కూడా ఏటా చేయించాలి. కంటిలో చెడే నాళాలవంటివే మూత్రపిండంలోనూ ఉన్నవి, రెండూ తరచు కలిసే చెడతాయి. పొగాకు సంగతి మీకు చెప్పనక్కరలేదు.

మందులు, అన్నం వేళకు పడడం మన కొలువులో ఎంత కష్టమో పుస్తకాలు వ్రాసేవారికి తెలియదు. రాత్రి రెండు గంటలకు కాల్‌బాయ్ తలుపు తట్టిన లోకో పైలట్‌కు ఏది ఉదయం, ఏది రాత్రి? సిగ్నలు దగ్గర నాలుగు గంటలు ఆగిన గూడ్సు బండిలో క్యారేజీ అన్నం ఎప్పుడు తినాలి? మందు వేసుకొని అన్నం ఆలస్యమైతే చక్కెర పడిపోయి చెమటలు పడతాయి, తల పనిచేయదు. అది కంటి జబ్బుకన్న తక్షణ ప్రమాదం. అందువలన మీ డ్యూటీ తీరు డాక్టరుకు దాపరికం లేకుండా చెప్పి, దానికి తగిన మందు అడగండి. చక్కెర తొందరగా పడిపోనివ్వని మందులు నేడు ఉన్నవి. జేబులో గ్లూకోజు పొట్లం ఉంచుకోండి.

తిండి విషయంలో బస్తరు మనకు నేర్పగలిగినది కొంత ఉన్నది. ఇక్కడి పల్లెలలో మండియా పేజ్ అనే రాగి జావ, కోదో అనే అరికెలు, సామలు నేటికీ తింటారు. మనమో మూడు పూటలా తెల్లని అన్నమే. అయితే రాగి జావ చక్కెరకు మందు అని చెప్పేవారి మాట నమ్మవద్దు. మెత్తని పిండిని పలుచగా కాచి చెంబెడు తాగితే అదీ చక్కెరను పెంచుతుంది. ఎంత తిన్నామన్నది చూడాలి. సంతలో ఇప్పసారా, సల్ఫీ అనే జీలుగు కల్లు విషయంలోనూ అంతే. మందు మింగి ఖాళీ కడుపున ఇప్పసారా తాగినవానికి రాత్రి చక్కెర పడిపోయే ప్రమాదం ఉన్నది. సిరహాల, గునియాల మూలికల మీద మాకు ద్వేషం లేదు, అడవిలో వారే దిక్కయిన కాలమున్నది. కాని కంటిలో ఆకు పసరు మాత్రం పోయించుకోవద్దు.

బస్తరుకు ప్రత్యేకమైన మరొక సంగతి. మూడు నెలల చక్కెర సగటు చూపే హెచ్‌బి.ఏ1సి. పరీక్ష రక్తకణాలలోని హీమోగ్లోబిన్ మీద ఆధారపడినది. ఈ ప్రాంతంలో సికిల్ సెల్ లక్షణం చాలా కుటుంబాలలో ఉన్నది, రక్తహీనత ఉన్నది, మలేరియా ఉన్నది. 2020లో మలేరియా రహిత బస్తరు ఉద్యమం మొదలైన తరువాత ఇంటింటా పరీక్షలు జరుగుతున్నా అది పూర్తిగా పోలేదు. ఎర్రకణాలు త్వరగా నశించేవారిలో ఈ పరీక్ష నిజంకన్న తక్కువ అంకె చూపగలదు. “ఆరున్నరే కదా” అని నిశ్చింతగా ఉన్నవాని అసలు చక్కెర ఎక్కువగా ఉండవచ్చును. సికిల్ సెల్ ఉన్న కుటుంబంవారు, ఇటీవల మలేరియా వచ్చినవారు ఆ మాట డాక్టరుకు చెప్పి, వేలి రక్తపు పరీక్షలతో సరిచూసుకోవాలి. ఇక్కడికి బదిలీపై వచ్చే కొత్త డాక్టర్లకు కూడా ఒక్కొక్కసారి ఇది మనమే గుర్తుచేయవలసి వస్తుంది.

చాలాకాలం ఎక్కువగా ఉన్న చక్కెరను ఒక్కసారిగా దింపితే మొదటి నెలలలో రెటీనా జబ్బు కొంత పెరగడం కూడా ఉన్నది. ఇన్సులిన్ వలన కన్ను పోయిందన్న పుకారు కొంతవరకు ఇందునుండి పుట్టి ఉంటుంది. దీర్ఘకాలంలో అదుపే మేలు; గట్టి చికిత్స మొదలుపెట్టే ముందు రెటీనా ఒకసారి చూపించుకొంటే ఆ చిక్కు దాటవచ్చును. చక్కెర పైకి కిందికి పోతున్నంతకాలం కళ్ళద్దాల నంబరు కూడా మారుతుంది, కుదుటబడేదాకా కొత్త అద్దాలకు డబ్బు పోయవద్దు.

జబ్బు ముదిరినవారికి చికిత్స ఉన్నది. 1945 నాటి సూర్యగ్రహణాన్ని నేరుగా చూచి రెటీనా కాలినవారిని పరీక్షిస్తూ మేయర్ ష్వికెరాత్ అనే జర్మను డాక్టరు, వెలుతురుతో కావాలనే చిన్న చిన్న కాల్పులు పెట్టి రెటీనాను రక్షించవచ్చునని ఊహించాడు. అదే లేజరు చికిత్సకు మూలం. కొత్త నాళాలు మొలిచిన కంటికి లేజరు పెడితే తీవ్రమైన చూపునష్టం సగానికి పైగా తగ్గుతుందని 1976లో అమెరికాలో రుజువయింది. లేజరు పోయిన చూపును తీసుకురాదు, ఉన్నదానిని నిలుపుతుంది. విస్తారంగా లేజరు పెట్టిన కంటికి పక్కచూపు, చీకటిలో చూపు కొంత తగ్గవచ్చును. యాభైకి పైగా సొరంగాలున్న ఈ లైనులో ఎండలోనుండి చీకటిలోకి దూసుకుపోయే లోకో పైలట్‌కు ఇది చిన్న సంగతి కాదు. మా మిత్రులు కొందరు ఇదే కారణంగా లేజరు వద్దన్నారు. మేము వారికి చెప్పినది ఒకటే: వద్దన్నందువలన కొత్త నాళాలు ఆగవు, చీకటి చూపు కోసం పగటి చూపును కూడా పణంగా పెట్టడమవుతుంది.

మాక్యులా వాపునకు నేడు కంటిలోనికి ఇచ్చే ఇంజక్షన్లు ముఖ్య చికిత్స. కంటిలో సూది అనగానే ఒళ్ళు జలదరిస్తుంది. మొద్దుబారే చుక్కలు వేసి ఇస్తారు, కొన్ని సెకన్ల పని. బెవాసిజుమాబ్, రానిబిజుమాబ్, అఫ్లిబర్‌సెప్ట్ అని మూడు మందులు వాడుకలో ఉన్నవి. మొదటిది పెద్దప్రేగు క్యాన్సరుకు వచ్చిన మందు, ధర బాగా తక్కువ. 2015లో ఈ మూడింటినీ పోల్చిన అధ్యయనంలో చూపు కొద్దిగా మాత్రమే తగ్గినవారికి మూడూ సమానంగానే పనిచేసినవి. చూపు బాగా తగ్గినవారికి మొదటి ఏడాదిలో అఫ్లిబర్‌సెప్ట్ మెరుగు. ఖరీదైనదే మంచిదనుకొని అప్పు చేయనక్కరలేదని దీని భావం. రానిబిజుమాబ్‌కు సాటి మందు 2015నుండి మనదేశంలోనే తయారవుతున్నది. కంటిలో రక్తం నిలిచిపోయినవారికి, రెటీనా లాగబడినవారికి ఆపరేషను ఉన్నది.

ఇక్కడ మన లెక్క ఒకటి వేయాలి. అదే అధ్యయనంలో మొదటి ఏడాది ఒక్కొక్క కంటికి పడిన ఇంజక్షన్లు తొమ్మిది, పది. బచేలిలో ఉన్న ట్రాక్‌మన్ విశాఖకు పోవడానికి ఒక రోజు, ఇంజక్షనుకు ఒక రోజు, తిరిగి రావడానికి ఒక రోజు. పది ఇంజక్షన్లకు ముప్పై రోజులు. ఏడాది పొడవునా మనం సంపాదించే ఆర్జిత సెలవు సరిగ్గా ముప్పై రోజులు. అంటే ఆ ఏడాది పెండ్లికి లేదు, చావుకు లేదు, సొంత ఊరి పండుగకు లేదు. వర్షాకాలంలో కొండచరియలు విరిగి లైను మూతపడితే రెండు వారాల ఆలస్యం. ఒకప్పుడు మావోయిస్టు బందుల రోజులలో కిరండూల్ బండి మధ్యలోనే ఆగిపోయేది. మూడవ ఇంజక్షను తరువాత “కొంచెం బాగానే ఉన్నదిలే” అని మానుకొన్నవారిని సోమరులనడం మాకు చేతకాదు. అటువంటి ఇంజక్షను ప్రయాణాలను సెలవు ఖాతానుండి కోయరాదని, డ్యూటీగా లెక్కించాలని మనం కోరుతున్నాము.

అన్నిటికన్న ముందు కోరవలసినది పరీక్షను మన దగ్గరకు తెమ్మని. కంటి అడుగుభాగం ఫోటో తీసే కెమెరా నేడు బల్ల మీద పట్టేటంత చిన్నది; కొన్ని రకాలకు కనుపాప విప్పే మందు కూడా అక్కరలేదు. ఫోటో తీయడానికి శిక్షణ పొందిన సాంకేతికుడు చాలు. దానిని విశాఖలోనో రాయపూరులోనో కూర్చొన్న నిపుణుడు చూచి ఎవరు దిగి రావాలో, ఎవరు అక్కరలేదో చెప్పగలడు. యంత్రమే ఫోటోను చదివి జబ్బును గుర్తించే పద్ధతిని 2016లో ప్రచురించిన పరిశోధనలో మన దేశపు కంటి ఆస్పత్రుల ఫోటోలు కూడా ఉపయోగించారు. ఆస్పత్రి రైలుగా లైఫ్‌లైన్ ఎక్స్‌ప్రెస్‌ను 1991లోనే పట్టాలెక్కించిన రైల్వేకు ఒక కెమెరాను కిరండూల్‌నుండి జగదల్‌పూరు దాకా ఆరునెలలకొకసారి తిప్పడం అసాధ్యమా? బ్రిటిషు కాలంలో క్వినైన్ పొట్లాలను పోస్టాఫీసులలో అమ్మిన చరిత్ర తపాలా శాఖకు ఉన్నది. అదే శాఖ ఉద్యోగులకు ఒక కెమెరా గది జగదల్‌పూరులో ఉంటే తప్పేమి?

గ్రామీణ డాక్ సేవకుల సంగతి వేరుగా చెప్పాలి. రైల్వే ఉద్యోగికి రైల్వే ఆస్పత్రి ఉన్నది, తపాలా శాఖ రెగ్యులరు ఉద్యోగికి 1944 నాటి వైద్య నియమాల కింద బిల్లు పెట్టుకొనే దారి ఉన్నది. అడవిలో బ్రాంచి పోస్టాఫీసు నడిపే సేవకునికి ఆ రెండూ లేవు. అట్టివారు రేషను కార్డు మీద లభించే ఆయుష్మాన్ పథకంలో పేరు ఉన్నదో లేదో ముందుగా చూచుకోవాలి. జిల్లా ఆస్పత్రిలో, జగదల్‌పూరు ప్రభుత్వ వైద్య కళాశాలలో చక్కెర, బి.పి. మందులు తీసుకోవచ్చును. రెటీనాకు రాయపూరు ఎయిమ్స్, విశాఖ ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆస్పత్రి ఉన్నవి. విశాఖలోని ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థలో చెల్లించలేనివారికి ఉచితంగా చూచే పద్ధతి ఉన్నది. కొంట వైపువారికి భద్రాచలం దారిన వరంగల్లు దగ్గర. ప్రతి పరీక్ష కాగితానికి, ఫోటోకు నకలు మీ దగ్గర ఉంచుకోండి. పాత ఫోటో పక్కన కొత్త ఫోటో పెట్టి చూస్తేనే జబ్బు కదిలిందో నిలిచిందో తెలుస్తుంది.

చూపు కొంత పోయినవారు మన మధ్యనే పనిచేస్తున్నారు. ఆర్.ఎం.ఎస్.లో ఉత్తరాలు వేరుచేసే ఒక సోదరుడు చిన్న అక్షరాల పిన్‌కోడు చదవలేక సహోద్యోగుల చేత రహస్యంగా చదివించుకొనేవాడు. ఇప్పుడు బల్ల మీద మంచి దీపం, చేతిలో భూతద్దం, కంప్యూటరు తెరమీద పెద్ద అక్షరాలు. వీటికి అయిన ఖర్చు ఒక పండుగ అడ్వాన్సు కన్న తక్కువ. ఆయనకు ఎక్కువ ఊరట ఇచ్చినది దీపం కాదు, ఇక దాచనక్కరలేదన్నదేనని ఆయన భార్య చెప్పింది. ఇంటివారు చేయగలిగినది కూడా ఉన్నది. ఇన్సులిన్ సిరంజిపై గీతలు కనిపించనివానికి పెన్ను రకం ఇన్సులిన్ ఇప్పించాలి, క్లిక్కుల శబ్దం లెక్కపెట్టవచ్చును. మాత్రల డబ్బాకు రంగు దారం కట్టవచ్చును. పాదాలు రోజూ ఎవరైనా చూడాలి, చూపు తగ్గినవాడు తన కాలిపుండు తాను చూడలేడు.

ప్రతి ఒక్కరూ వారానికొకసారి ఒక కన్ను మూసి మరొక కంటితో గడుల కాగితాన్ని చూడండి. రెండు కళ్ళూ తెరచి ఉంటే చెడిన కన్ను మంచి కంటి చాటున దాక్కొంటుంది. గీతలు వంగినట్లు కనిపించినా, దూరపు పట్టాలు అలలుగా కనిపించినా, కంటి ముందు మసి రేగినా, తెర దిగినా మరుసటి పి.ఎం.ఇ. దాకా ఆగవద్దు, వెంటనే బయలుదేరండి.

వెనుక బల్ల మీద ఒక రిజిస్టరు ఉన్నది. మధుమేహం ఉన్నవారు తమ పేరు, స్టేషను లేక పోస్టాఫీసు, చివరిసారి కనుపాప విప్పి రెటీనా చూపించుకొన్న తేదీ వ్రాయండి. ఎన్నడూ చూపించుకోనివారు ఆ గడిలో అడ్డగీత గీయండి, సిగ్గుపడనక్కరలేదు. పేర్లు శాఖ కార్యదర్శి దగ్గర తప్ప మరెవరి దగ్గరకూ పోవు. అడ్డగీతల సంఖ్య మాత్రం కెమెరా కోసం మనం వ్రాసే మహజరులో మొదటి వాక్యమవుతుంది. కిరండూల్ బండికి వెళ్ళవలసినవారు ముందుగా వ్రాసి బయలుదేరవచ్చును. తక్కినవారి ప్రశ్నలు ఇప్పుడు తీసుకొంటాము.